పానిక్ డిజార్డర్: అటాక్ తగ్గడం వేరు, జబ్బు తగ్గడం వేరు

1960 ప్రాంతంలో న్యూయార్క్‌లోని హిల్‌సైడ్ ఆసుపత్రిలో డొనాల్డ్ క్లైన్ అనే యువ సైకియాట్రిస్టు, అప్పటికి కొత్తగా వచ్చిన ఇమిప్రమిన్ అనే మందును కొందరు రోగులకు ఇచ్చి చూశాడు. వాళ్ళది అంతుపట్టని బాధ. ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది, ఊపిరాడదు, ప్రాణం పోతోందన్న భయంతో నర్సుల గది దగ్గరికి పరుగెత్తుతారు. ఎవరైనా పక్కన కూర్చుని ధైర్యం చెబితే కాసేపటికి సర్దుకుంటుంది. కొన్ని గంటలకు మళ్ళీ అదే పరుగు. మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకు అడిగితే రోగులు ఏమీ తగ్గలేదన్నారు. చికిత్స చేస్తున్న డాక్టర్లూ మార్పేమీ లేదన్నారు. వార్డు నర్సులు మాత్రం తగ్గిందన్నారు. ఎలా తెలుసని అడిగితే, తమ గది దగ్గరికి పరుగెత్తుకు రావడం మానేశారని చెప్పారు.

ఇరువైపుల వాళ్ళు చెప్పిందీ నిజమే. ప్రాణం పోతుందనిపించే ఆ హఠాత్ భయం ఆగిపోయింది. అది మళ్ళీ ఎప్పుడు వచ్చి పడుతుందోనన్న బెంగ ఆగలేదు. ఆ బెంగ వల్ల ఒంటరిగా బయటికి అడుగుపెట్టలేకపోవడమూ ఆగలేదు. క్లైన్ ఈ తేడాను పట్టుకున్నాడు. హఠాత్తుగా వచ్చే అటాక్, ఎప్పుడూ వెంటాడే ఆందోళన రెండూ ఒకటి కావని, మందుకు అవి స్పందించే తీరు కూడా వేరని 1964లో రాశాడు. 1980లో అమెరికా సైకియాట్రిస్టుల సంఘం తన వ్యాధుల పట్టికలో పానిక్ డిజార్డర్‌ను విడి జబ్బుగా చేర్చడం వెనుక ఈ పరిశీలనలు ఉన్నాయి.

అరవై ఏళ్ళ కిందటి ఈ సంగతిని ఇప్పుడు చెప్పడానికి కారణం ఉంది. పానిక్ డిజార్డర్ అని తేలగానే రోగులు, ఇంట్లోవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న: "ఎన్నాళ్ళలో తగ్గుతుంది?" దీనికి ఒక్క అంకెతో జవాబు చెప్పలేకపోవడానికి కారణం ఆ ఆసుపత్రి వార్డులోనే ఉంది. ఈ జబ్బులో మూడు పొరలున్నాయి: అటాక్, బెంగ, వెనుకంజ (భయమనిపించే చోట్లకు వెళ్ళడం మానేయడం). సాధారణంగా ముందు అటాక్‌లు తగ్గుతాయి, తరువాత బెంగ, అన్నిటికన్నా చివర వెనుకంజ. ఒకరికి చికిత్స త్వరగా పనిచేసిందనీ, మరొకరికి ఆలస్యమైందనీ అంటున్నప్పుడు, ఏ పొర గురించి మాట్లాడుతున్నామో ముందు తేల్చుకోవాలి.

ఇద్దరిని ఊహించుకుందాం. ఒకరు ఇరవై ఎనిమిదేళ్ళ బ్యాంకు ఉద్యోగి. రెండు నెలల కిందట మొదటి అటాక్ వచ్చింది, వారానికి రెండు మూడుసార్లు వస్తోంది, అయినా రోజూ ఆఫీసుకు వెళుతున్నాడు. మరొకరు నలభై ఒకటేళ్ళ గృహిణి. ఏడేళ్ళుగా ఈ బాధ. మూడేళ్ళుగా ఒంటరిగా వీధి మలుపు దాటలేదు. ఇద్దరికీ ఒకే వారంలో ఎస్సిటాలోప్రామ్ అనే మాత్ర మొదలుపెట్టారు. ఆరు వారాలకు బ్యాంకు ఉద్యోగి బాగున్నానంటున్నాడు. గృహిణి ఏమీ మారలేదంటోంది. మాత్ర ఒకటే అయినా ఇంత తేడా ఎందుకు?

మొదట మాత్ర సంగతే చూద్దాం. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, పారోక్సెటిన్, ఫ్లూఓక్సెటిన్ వంటివి ఈ జబ్బుకు ఈనాడు మొదట రాసే మందులు. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం అందుబాటును ఇవి కొన్ని గంటల్లోనే పెంచుతాయి, కానీ భయాన్ని నడిపే నాడీ వలయాలు ఆ మార్పుకు సర్దుకోవడానికి వారాలు కావాలి. తేడా కనిపించడానికి సాధారణంగా రెండు నుంచి ఆరు వారాలు, పూర్తి ఫలితానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఇంతవరకు ఎవరైనా ఓపిక పట్టగలరు. చిక్కల్లా మొదటి రెండు వారాలే. ఆ రోజుల్లో కొందరికి దడ, వణుకు, కడుపులో తిప్పడం, నిద్రలేమి ఇంకా పెరుగుతాయి. శరీరంలో ఏ చిన్న కదలిక వచ్చినా ప్రమాద ఘంటికగా వినే మనిషికి, వైద్యం కోసం వేసుకున్న మాత్రే దడ పుట్టిస్తే ఏమనుకుంటారు? "ఈ మందు నాకు పడలేదు" అనుకుంటారు. నాలుగో రోజుకే మానేస్తారు. ఇంకో డాక్టరు దగ్గరికి వెళతారు, ఇంకో మాత్ర, మళ్ళీ నాలుగు రోజులు. ఇలా నాలుగు మందులు "పడని" మనిషి నిజానికి ఒక్క మందు కూడా పూర్తిగా వాడి ఉండరు.

అందుకే అనుభవమున్న డాక్టర్లు పానిక్ రోగులకు డిప్రెషన్‌లో ఇచ్చే మోతాదులో సగంతోనే మొదలుపెడతారు: ఎస్సిటాలోప్రామ్ అయితే 5 మిల్లీగ్రాములు, సెర్ట్రలిన్ అయితే 25. ఇలా జరగవచ్చని ముందే చెబుతారు కూడా. ఆ ఒక్క ముందుమాట చాలామంది విషయంలో నెలలను ఆదా చేస్తుందని నా గట్టి నమ్మకం. కిక్కిరిసిన ఓపీలో రోగికి దొరికేది మూడు నిమిషాలు. అందులో మొదట ఎగిరిపోయేది ఈ మాటే.

దీనికి రెండో వైపు కూడా ఉంది. తక్కువతో మొదలుపెట్టడం సరైనదే, అక్కడే ఆగిపోవడం సరైనది కాదు. ఆరు నెలలుగా అదే 5 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటూ "ఈ జబ్బు ఇంతే" అని సరిపెట్టుకునేవారు ఉంటారు. మోతాదు చాలినంత చేరిన తరువాత ఆరు నుంచి ఎనిమిది వారాలకు కూడా ఏమాత్రం కదలిక లేకపోతే అప్పుడు మందు మార్చడమో, మనస్తత్వ చికిత్స (థెరపీ) జోడించడమో ఆలోచించాలి. మొదటి వారాల్లో కొద్దిపాటి మెరుగుదల కనిపించినవారు తరువాత కూడా బాగా కోలుకునే అవకాశం ఎక్కువ కాబట్టి, ఆ చిన్న కదలికను గమనించడం ముఖ్యం.

ఒకే మోతాదు ఇద్దరి రక్తంలో ఒకే స్థాయికి చేరదు. ఎస్సిటాలోప్రామ్‌ను ఎక్కువగా కరిగించేది కాలేయంలోని సీవైపీ2సీ19 అనే ఎంజైము. అది పుట్టుకతోనే మందకొడిగా పనిచేసేవారు ఐరోపా జనాభాలో కన్నా మన దక్షిణాసియాలో ఎక్కువ. వారికి చిన్న మోతాదే పెద్దదవుతుంది, దుష్ఫలితాలు ముందే పలకరిస్తాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్ వంటి మందులు దీనికి వ్యతిరేకంగా, ఎంజైములను పరుగెత్తించి మాత్ర బలాన్ని తగ్గించవచ్చు. వాడుతున్న మందులన్నీ డాక్టరుకు చెప్పాలనడం అందుకే.

శరీరంలో దడ పుట్టించే ఇతర కారణాలు మిగిలి ఉంటే చికిత్స ఎంత సరైనదైనా ఈడ్చుకుంటూనే నడుస్తుంది. అతిగా పనిచేసే థైరాయిడ్, రక్తహీనత, ఉబ్బసం, ఆ ఉబ్బసానికి వాడే కొన్ని ఇన్‌హేలర్లు, గుండె లయలో తేడాలు. ఛాతీ నొప్పి మొదటిసారి వచ్చినప్పుడు గుండె పరీక్ష తప్పక చేయించుకోవాలి, అందులో మరో మాట లేదు. ఇక కాఫీ. పానిక్ ఉన్నవారికి ఎక్కువ మోతాదులో కెఫీన్ ఇస్తే అటాక్ రావచ్చని ప్రయోగాల్లో తేలింది. పొద్దున్నే చిక్కటి ఫిల్టర్ కాఫీ, పదకొండింటికి టీ, నాలుగింటికి మరొకటి, రాత్రి పని ఉంటే ఇంకొకటి తాగే మనకు ఇది చిన్న విషయం కాదు. మద్యం మరీ దారుణం. రాత్రికి నెమ్మది ఇస్తుంది, మత్తు దిగే వేళకు దడను వడ్డీతో తిరిగి తెస్తుంది.

ఇవన్నీ అటాక్ అనే మొదటి పొరను కదిలించే విషయాలు. మన ఇద్దరి మధ్య అసలు తేడా ఇక్కడ లేదు. ఆరో వారానికి ఆ గృహిణికి కూడా అటాక్‌లు దాదాపు ఆగిపోయాయని అనుకుందాం. అయినా ఆమెకు తెలియదు. ఎందుకంటే అటాక్ వస్తుందనిపించే చోటికి ఆమె వెళ్ళడమే లేదు.

ఆ ఏడేళ్ళూ ఎలా గడిచాయో చూస్తే ఇది అర్థమవుతుంది. మొదటి అటాక్ అర్ధరాత్రి వస్తుంది. ఆటోలో ఆసుపత్రికి పరుగు. ఈసీజీ మామూలుగానే ఉంటుంది. "గ్యాస్ పట్టి ఉంటుంది" అంటారు. నెల తరువాత మళ్ళీ. ఈసారి టూడీ ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష. అన్నీ బాగున్నాయి. "మీకేమీ లేదమ్మా, అనవసరంగా భయపడుతున్నారు" అని పంపిస్తారు. డాక్టరు ఉద్దేశం మంచిదే. కానీ ప్రాణం పోయినంత పనై వచ్చిన మనిషికి ఆ మాట "నీ బాధ అబద్ధం" అన్నట్టు వినిపిస్తుంది. రిపోర్టు ఇచ్చిన ధైర్యం వారం రోజులు నిలుస్తుంది. తరువాత "వాళ్ళు సరిగ్గా చూడలేదేమో" అనే అనుమానం, ఇంకో ఆసుపత్రి, ఇంకో ఫైలు. మధ్యలో ఎవరో దిష్టి తీస్తారు, ఎవరో తాయెత్తు కట్టిస్తారు. "మీకు గుండె జబ్బు లేదు, పానిక్ డిజార్డర్ ఉంది, దానికి వైద్యం ఉంది" అనే పూర్తి వాక్యం చెప్పేవారు దొరకడానికి ఏళ్ళు పడుతుంది. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ నాయకత్వంలో 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, ఆందోళన, డిప్రెషన్ వంటి సాధారణ మానసిక సమస్యలున్న ప్రతి పదిమందిలో ఎనిమిదిమందికి పైగా వైద్యం అందడం లేదని తేలింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. మన దగ్గర పరిస్థితి ఇంతకన్నా మెరుగని అనుకోవడానికి నాకు కారణం కనిపించదు.

ఈ ఆలస్యమే వెనుకంజను పెంచి పోషిస్తుంది. అటాక్ బస్సులో వచ్చింది, బస్సు మానేస్తారు. కూరగాయల మార్కెట్లో వచ్చింది, మార్కెట్ మానేస్తారు. సినిమాకు వెళితే తలుపు పక్క సీటే కావాలి. పెళ్ళికి వెళితే అక్షింతలు వేసి వెంటనే బయటపడాలి. తిరుమల దర్శనానికి వెళ్ళడం అసలే కుదరదు, క్యూ కాంప్లెక్సులో కంపార్టుమెంటు తలుపు వేశాక గంటల తరబడి బయటికి రాలేమన్న తలంపుకే చెమటలు పడతాయి. "మొక్కు తీరలేదు, అందుకే ఇలా అవుతోంది" అని ఇంట్లో మరో బాధ. తప్పించుకునే వీలు, సహాయం అందే వీలు లేవనిపించే చోట్లంటే కలిగే ఈ భయాన్ని వైద్యులు అగోరాఫోబియా అంటారు. హార్వర్డ్, బ్రౌన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఆందోళన జబ్బులున్నవారిని ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనంలో, అగోరాఫోబియా తోడైనవారు అది లేనివారికన్నా బాగా తక్కువగా, నెమ్మదిగా కోలుకున్నారు. ఎవరు త్వరగా కోలుకుంటారో ముందే అంచనా వేయాల్సి వస్తే, వయసు, మందు పేరు, అటాక్‌ల సంఖ్య కంటే ముందు నేను అడిగే ప్రశ్న: "ఎక్కడెక్కడికి వెళ్ళడం మానేశారు?"

మానేయడం పైకి కనిపించకుండా కూడా ఉంటుంది. మార్కెట్‌కు వెళుతూనే ఉంటారు, కానీ సంచిలో నీళ్ళ సీసా, పర్సులో మాత్ర, ఫోనులో దగ్గరి ఆసుపత్రి నంబరు ఉండాలి. కోవిడ్ కాలంలో కొన్న పల్స్ ఆక్సీమీటరు వేలికి తగిలించుకుని రోజుకు ఇరవైసార్లు చూసుకుంటారు. అటాక్ రాకుండా క్షేమంగా ఇంటికి చేరితే ఆ ఘనత సీసాకో మాత్రకో దక్కుతుంది. "నా గుండె బాగానే ఉంది, అటాక్ దానంతటదే తగ్గుతుంది" అనే పాఠం నేర్చుకునే అవకాశం పోతుంది. అటాక్ సాధారణంగా పది నిమిషాల్లోపే పతాక స్థాయికి చేరి దిగిపోతుంది. ఏమీ చేయకపోయినా దిగిపోతుంది. దాన్ని చివరిదాకా చూడనివారికి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు.

మనస్తత్వ చికిత్స పనిచేసేది సరిగ్గా ఈ చోట. బ్రిటన్ మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్ 1986లో పానిక్‌కు ఒక స్పష్టమైన వివరణ ఇచ్చాడు. మెట్లెక్కితే వచ్చే మామూలు దడను కూడా ఈ జబ్బున్నవారు గుండెపోటుగా చదువుకుంటారు. ఆ భయం దడను పెంచుతుంది, పెరిగిన దడ భయాన్ని పెంచుతుంది. వేగంగా ఊపిరి పీల్చడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి చేతులు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది, అది కూడా ముప్పుకు మరో రుజువులా కనిపిస్తుంది. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో ఈ చక్రాన్ని కావాలనే తిప్పి చూపిస్తారు. ఉన్నచోటనే పరుగెత్తమంటారు, కుర్చీలో గిరగిరా తిరగమంటారు, సన్నని స్ట్రా గుండా ఊపిరి పీల్చమంటారు. అదే దడ, అదే కళ్ళు తిరగడం, కానీ ప్రాణం పోదు. పదిసార్లు చూశాక శరీరం చేసే చప్పుడు చప్పుడుగానే వినిపించడం మొదలవుతుంది. ఆ తరువాత మానేసిన చోట్లకు ఒక్కొక్కటిగా తిరిగి వెళ్ళాలి.

దీనికి మామూలుగా పన్నెండు సిట్టింగుల వరకు పడుతుంది. క్లార్క్ బృందమే 1999లో, ఇంట్లో చదివి చేసుకునే పాఠాలు జోడిస్తే అయిదు సిట్టింగులతోనూ దాదాపు అంతే ఫలితం వస్తుందని చూపింది. సిట్టింగుల సంఖ్య కన్నా మధ్య రోజుల్లో చేసే అభ్యాసం వేగాన్ని నిర్ణయిస్తుందని దీన్నిబట్టి నేను అర్థం చేసుకున్నాను. వారానికి ఒక గంట మాట్లాడి, మిగిలిన ఆరు రోజులు ఇల్లు కదలకపోతే నెలలు గడిచినా బండి కదలదు.

కదలనివ్వకపోవడంలో ఇంటివారి ప్రేమ పాత్ర కూడా ఉంటుంది. "పాపం, ఒంటరిగా పంపకండి" అని అత్తగారు, "నేను తీసుకువెళతానులే" అని భర్త, కూరగాయలు తెచ్చిపెట్టే కొడుకు. ఎవరినీ తప్పుపట్టలేం. అయినా ఆ ఆదరణలోనే మూడో పొర గట్టిపడుతుంది. ఇంటివారిని ఒక్కసారైనా సిట్టింగుకు పిలిచి, ఎంతవరకు తోడు వెళ్ళాలో, ఎక్కడ ఆగాలో చెప్పిన చోట పని సులువవుతుంది.

ఇప్పుడు పర్సులోని ఆ మాత్ర దగ్గరికి వద్దాం. అల్ప్రజోలామ్ అరగంట, గంటలో నెమ్మది ఇస్తుంది. వేగమే కొలమానమైతే దీన్ని మించినది లేదు. మొదటి వారాల్లో, డాక్టరు పర్యవేక్షణలో, కొద్దికాలం దీనికి చోటుంది. కానీ నెలల తరబడి వాడితే శరీరం అలవాటు పడుతుంది, మానబోతే దడ రెట్టింపై తిరిగివస్తుంది. మన దేశంలో దీన్ని హెచ్1 షెడ్యూలులో పెట్టి, చీటీ లేకుండా అమ్మకూడదన్నది ఊరికే కాదు. అంతకన్నా ఆలోచింపజేసే సంగతి లండన్, టొరంటోలలో 154 మంది రోగులతో జరిగి 1993లో వెలువడిన అధ్యయనంలో ఉంది. భయపడే చోట్లకు వెళ్ళే అభ్యాసంతో పాటు అల్ప్రజోలామ్ తీసుకున్నవారు మందు ఆపాక, అభ్యాసం మాత్రమే చేసినవారిలా మెరుగుదలను నిలుపుకోలేకపోయారు. మెరుగుదలంతా మాత్ర చలవే అని నమ్మినవారు మందు ఆపాక ఎక్కువగా వెనక్కి జారారు. తన కాళ్ళతో నడిచిన దూరాన్ని మాత్ర ఖాతాలో రాస్తే ఆ దూరం తనకు మిగలలేదన్నమాట.

2000లో డేవిడ్ బార్లో బృందం 312 మందితో చేసిన పెద్ద అధ్యయనం కూడా ఇటువంటిదే చెప్పింది. ఇమిప్రమిన్, థెరపీ రెండూ పనిచేశాయి. చికిత్స నడుస్తున్నంత కాలం రెండూ కలిపి తీసుకున్నవారికి కొంత అదనపు లాభం కనిపించింది. అన్నీ ఆపిన ఆరు నెలల తరువాత చూస్తే, మందు లేకుండా థెరపీ తీసుకున్నవారిలో ఫలితం ఎక్కువగా నిలిచింది. దీన్నిబట్టి మందు వద్దని నేను అనను. మన జిల్లా కేంద్రాల్లో శిక్షణ పొందిన సైకాలజిస్టు దొరకడమే కష్టం, చాలామందికి మాత్రే మొదటి ఆధారం. అటాక్‌లు ఆగాక దొరికే ఆ ఊరటను ఇంట్లో కూర్చోవడానికి కాకుండా బయటికి అడుగు వేయడానికి వాడుకుంటే మాత్రతోనూ మూడో పొర దాకా చేరవచ్చు.

డిప్రెషన్ తోడైతే ప్రయాణం మరింత నెమ్మదిస్తుంది. బయటికి వెళ్ళాలంటే భయం ఒకటే అడ్డు కాదు, వెళ్ళి ఏం చేయాలనే నిరాసక్తత కూడా. అప్పుల వేధింపు, ఇంట్లో హింస, బాల్యంలో తగిలిన గాయాలు ఉన్నచోట భయం పూర్తిగా కల్పితం కాదు కూడా. అలాంటప్పుడు ఆ కష్టాన్ని పక్కనపెట్టి దడకే వైద్యం చేస్తే లాభం తక్కువ.

మెరుగుదలను కొలవడానికి క్యాథరిన్ షియర్, ఆమె సహచరులు 1997లో రూపొందించిన ప్రశ్నావళి ఒకటి ఉంది. ఏడు ప్రశ్నలు, ఒక్కొక్కదానికి 0 నుంచి 4 మార్కులు. అటాక్‌లు ఎన్నిసార్లు వచ్చాయన్నది వాటిలో ఒకే ఒక్క ప్రశ్న. మిగిలినవి అటాక్ ఎంత బాధించింది, బెంగ ఎంత, ఏ చోట్లు మానేశారు, శరీరంలో దడ పుట్టించే ఏ పనులు మానేశారు, ఉద్యోగం, మనుషులతో కలవడం ఎంత దెబ్బతిన్నాయి అని అడుగుతాయి. ప్రశ్నావళి లేకపోయినా ఒక నోటుపుస్తకం చాలు. వారానికి ఒకసారి మూడు గీతలు: ఎన్ని అటాక్‌లు, బెంగ పదికి ఎంత, ఈ వారం ఒంటరిగా ఎక్కడికి వెళ్ళారు. డాక్టరు దగ్గరికి ఆ పుస్తకం తీసుకువెళితే మోతాదు పెంచాలో, అభ్యాసం పెంచాలో తేల్చడం సులువు. ఎవరిని కలవాలో తెలియనివారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి.

బాగున్నాక మాత్ర ఆపే వేళ కూడా ఈ లెక్కలోదే. తగ్గిన తరువాత కనీసం ఆరు నెలల నుంచి ఏడాది వాడి, డాక్టరు సలహాతో మెల్లగా తగ్గించాలి. ఒక్కసారిగా మానేస్తే కొందరికి తల తిరగడం, ఒంట్లో కరెంటు పాకినట్టు ఉండడం, చిరాకు వస్తాయి. పారోక్సెటిన్‌తో ఇది ఎక్కువ. జబ్బు తిరగబెట్టిందని హడలిపోయి మళ్ళీ మొదటికి వచ్చేవారు ఉన్నారు. అది చాలాసార్లు జబ్బు కాదు, తొందరపాటుగా మానిన మందు ప్రభావం.

ఇక ఆ గృహిణి. ఆరో వారం ఓపీలో "ఏమైనా తగ్గిందా" అని అడిగితే ఆమె లేదని తల ఊపుతుంది. పక్కన కూర్చున్న కొడుకు ఒక్క క్షణం ఆగి, మొన్న మంగళవారం కొత్తిమీర కోసం అమ్మ ఒక్కతే వీధి చివర బండి దాకా వెళ్ళి వచ్చిందని చెబుతాడు. ఆమె ఆశ్చర్యంగా వాడివైపు తిరుగుతుంది. డాక్టరు ఆ సంగతిని చీటీ మీద రాసుకుంటాడు.